రక్తపరీక్షల నిర్దేశ అవధుల ప్రమాణీకరణ

రక్తపరీక్షల నిర్దేశ అవధుల ప్రమాణీకరణ అనగా ఒకే రక్తపరీక్షకు వేర్వేరు ఆసుపత్రుల ప్రయోగశాలలు ఒకే హద్దులను పాటించేటట్లు చేసే ప్రక్రియ. పరీక్ష నివేదికలో ప్రతి ఫలితానికి పక్కన ముద్రించే రెండు అంకెల మధ్య విస్తృతిని నిర్దేశ అవధి అంటారు. ప్రయోగశాలలలో దీనిని రిఫరెన్స్ రేంజి అని, వాడుకలో నార్మల్ రేంజి అని పిలుస్తారు. ఈ అవధులు ప్రయోగశాలను బట్టి మారడం వలన, శరీరంలో ఏ మార్పూ లేకపోయినా ఒక వ్యక్తి ఒక ఆసుపత్రి నివేదిక ప్రకారం రోగిగాను, మరొక ఆసుపత్రి నివేదిక ప్రకారం ఆరోగ్యవంతునిగాను కనిపించే అవకాశం ఉంది. అయితే నివేదికలపై ఒకే అంకెలు ముద్రించినంత మాత్రాన ఈ సమస్య తీరదు. ముందుగా కొలతలు ఒకటి కావాలి. ఆ తరువాతనే హద్దులు ఒకటి కాగలవు.

నిర్దేశ అవధి అంటే ఏమిటి

ఆరోగ్యవంతులని నిర్ధారించుకున్న వ్యక్తుల సమూహాన్ని ఎన్నుకొని, వారందరి రక్తంలో ఒక అంశాన్ని కొలిచి, వచ్చిన విలువలను ఆరోహణ క్రమంలో అమరుస్తారు. వాటిలో అట్టడుగున ఉన్న 2.5 శాతాన్ని, పైన ఉన్న 2.5 శాతాన్ని విడిచిపెడితే మధ్యలో మిగిలే 95 శాతం విలువల విస్తృతియే నిర్దేశ అవధి. ఈ నిర్వచనం ప్రకారమే ప్రతి 100 మంది ఆరోగ్యవంతులలో సుమారు ఐదుగురి ఫలితాలు హద్దులకు వెలుపల ఉంటాయి.

ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 పరీక్షలను ఒక ఆరోగ్యవంతునికి చేస్తే అన్నీ హద్దుల లోపలే ఉండే సంభావ్యత 36 శాతం మాత్రమే. అంటే దాదాపు 64 శాతం సందర్భాలలో కనీసం ఒక ఫలితమైనా "అసాధారణం" అని నివేదికలో గుర్తు పడుతుంది. కనుక హద్దు దాటిన ప్రతి ఫలితమూ రోగానికి సూచన కాదు. హద్దు లోపల ఉన్న ప్రతి ఫలితమూ ఆరోగ్యానికి హామీ కాదు.

చరిత్ర

తొలి రోజులలో వైద్యులు "సాధారణ విలువలు" అన్న మాటను వాడేవారు. ఎవరిని సాధారణ వ్యక్తిగా పరిగణించారో, ఎలా కొలిచారో చాలా సందర్భాలలో స్పష్టంగా ఉండేది కాదు. 1969లో ఫిన్లాండుకు చెందిన రాల్ఫ్ గ్రాస్‌బెక్, నిల్స్-ఎరిక్ సారిస్ అనే శాస్త్రవేత్తలు "సాధారణ" అనే పదానికి బదులుగా "రిఫరెన్స్ విలువలు" అనే భావనను ప్రతిపాదించారు. ఏ సమూహం నుండి, ఏ పరిస్థితులలో, ఏ పద్ధతితో పొందిన విలువలో చెప్పకుండా హద్దులను ప్రకటించరాదన్నది దీని సారాంశం.

అంతర్జాతీయ క్లినికల్ కెమిస్ట్రీ సమాఖ్య (ఐ.ఎఫ్.సి.సి.) ఈ భావనను 1980ల చివర వరుస సిఫారసులుగా విస్తరించింది. అమెరికాలోని క్లినికల్ అండ్ లేబొరేటరీ స్టాండర్డ్స్ ఇన్‌స్టిట్యూట్ ఐ.ఎఫ్.సి.సి.తో కలిసి 2008లో వెలువరించిన మార్గదర్శిక ప్రపంచవ్యాప్తంగా ప్రయోగశాలలకు ఆధారమైంది.

అవధిని నిర్ణయించే విధానం

ఒక అవధిని స్వయంగా నిర్ణయించడానికి కనీసం 120 మంది ఆరోగ్యవంతులు కావాలని పై మార్గదర్శిక చెబుతుంది. స్త్రీలకు, పురుషులకు వేర్వేరు అవధులు అవసరమైతే ఒక్కొక్క వర్గానికి 120 మంది చొప్పున ఎన్నుకోవాలి. వయసుల వారీగా విభజిస్తే ఈ సంఖ్య ఇంకా పెరుగుతుంది. పసిపిల్లల నుండి ఇంతమంది రక్తనమూనాలు సేకరించడం మరీ కష్టం.

అందువలన అధిక భాగం ప్రయోగశాలలు స్వయంగా అవధులను నిర్ణయించవు. యంత్రంతో లేదా కిట్‌తో వచ్చే తయారీదారు కరపత్రంలోని అంకెలనో, పాఠ్యపుస్తకంలోని అంకెలనో స్వీకరిస్తాయి. ఇలా స్వీకరించేటప్పుడు చేయవలసిన సులభమైన తనిఖీ ఒకటి ఉంది. స్థానికంగా 20 మంది ఆరోగ్యవంతులను పరీక్షించాలి. వారిలో ఇద్దరికి మించి హద్దులు దాటకపోతే ఆ అవధిని వాడుకోవచ్చు. అంతకంటే ఎక్కువమంది దాటితే మరో 20 మందిని పరీక్షించాలి. అప్పుడూ అలాగే జరిగితే కారణం వెతకాలి.

ప్రయోగశాలల మధ్య తేడాలకు కారణాలు

తేడాలను స్థూలంగా మూడు రకాలుగా విభజించవచ్చు.

మొదటిది, పరీక్షకు ముందు జరిగేవి. రక్తం తీసిన తరువాత ఆలస్యమైతే రక్తకణాలు గ్లూకోజును వాడుకుంటూనే ఉంటాయి. కణాలను వేరుచేయని రక్తంలో గ్లూకోజు సాధారణ ఉష్ణోగ్రత వద్ద గంటకు సుమారు 5 నుండి 7 శాతం తగ్గుతుంది. పొటాషియం ఇందుకు విరుద్ధంగా కణాల నుండి బయటికి వచ్చి పెరగవచ్చు. సీరం, ప్లాస్మాల మధ్య కూడా పొటాషియం విలువలో చిన్న తేడా ఉంటుంది, ఎందుకంటే రక్తం గడ్డకట్టేటప్పుడు రక్తఫలకికలు కొంత పొటాషియంను విడుదల చేస్తాయి.

రెండవది, కొలిచే పద్ధతిలోని తేడాలు. ఎంజైములను పూర్వం కొన్నిచోట్ల 25 డిగ్రీల సెల్సియస్ వద్ద, కొన్నిచోట్ల 30 డిగ్రీల వద్ద, మరికొన్నిచోట్ల 37 డిగ్రీల వద్ద కొలిచేవారు. ఉష్ణోగ్రత పెరిగితే ఎంజైము చర్య వేగం పెరుగుతుంది కనుక అదే రక్తానికి మూడు వేర్వేరు అంకెలు వచ్చేవి. 2002లో ఐ.ఎఫ్.సి.సి. 37 డిగ్రీల వద్ద నిర్దేశ పద్ధతులను ప్రకటించింది. కాలేయ పరీక్షలలో భాగమైన ఏ.ఎల్.టి., ఏ.ఎస్.టి. ఎంజైముల కొలతలో పైరిడాక్సాల్ ఫాస్ఫేట్ అనే విటమిన్ బి6 రూపాన్ని కలపడం, కలపకపోవడం వలన కూడా ఫలితాలు మారుతాయి.

మూడవది, జనసమూహంలో నిజంగా ఉండే తేడాలు. ఎముకలు పెరిగే వయసు పిల్లలలో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ పెద్దల కంటే చాలా ఎక్కువ. కండర పరిమాణాన్ని బట్టి క్రియాటినిన్ మారుతుంది. ఎత్తైన ప్రదేశాలలో నివసించేవారికి హీమోగ్లోబిన్ అధికం. గర్భిణులలో ప్లాస్మా పరిమాణం పెరగడం వలన హీమోగ్లోబిన్ తగ్గుతుంది.

మూడవ రకం తేడాలకు వేర్వేరు అవధులు ఉండడం న్యాయమే. మొదటి రెండు రకాల తేడాలు మాత్రం తొలగించవలసినవి. ప్రమాణీకరణలో అసలు కష్టమంతా ఒక తేడా ఏ రకానికి చెందినదో తేల్చడంలోనే ఉంది.

కొలతలను ఒకటి చేయడం

ఒక ప్రయోగశాల ఇచ్చే అంకెను మెట్టుమెట్టుగా ఒక ఉన్నత ప్రమాణం వరకు వెనుకకు అనుసంధానించగలగాలి. తూకపురాళ్లను తూనికలు, కొలతల శాఖ వద్ద ఉన్న ప్రమాణంతో సరిచూసినట్లే, యంత్రాన్ని సరిచేసే ద్రవాన్ని అంతర్జాతీయ ప్రమాణ పదార్థంతో సరిచూస్తారు. ఇటువంటి ప్రమాణ పదార్థాల, పద్ధతుల జాబితాను నిర్వహించడానికి 2002లో జె.సి.టి.ఎల్.ఎం. అనే అంతర్జాతీయ సంయుక్త సంఘం ఏర్పడింది.

క్రియాటినిన్: మూత్రపిండాల పనితీరును అంచనా వేసే ఈ పరీక్షకు ఆధారమైన రసాయన చర్యను 1886లో మాక్స్ జాఫే వర్ణించాడు. ఈ పద్ధతి చవకైనది, కాని క్రియాటినిన్‌తో పాటు ప్రోటీన్లు, కీటోన్లు, కొన్ని సెఫలోస్పోరిన్ ఔషధాలు కూడా రంగునిచ్చి విలువను పెంచి చూపగలవు. ఎంజైముల ఆధారంగా పనిచేసే పద్ధతులలో ఈ లోపం తక్కువ. తరువాత ఐసోటోపు విలీన ద్రవ్యరాశి వర్ణపటమాపనాన్ని నిర్దేశ పద్ధతిగా స్వీకరించి యంత్రాలను దానితో అనుసంధానించారు. అప్పుడు మునుపటి హద్దులు అలాగే ఉంచితే మూత్రపిండాల జబ్బు ఉన్నవారు కొందరు ఆరోగ్యవంతులుగా కనిపిస్తారు. కొలత మారితే హద్దు కూడా మారాలన్న సూత్రానికి ఇది స్పష్టమైన ఉదాహరణ.

ఐ.ఎన్.ఆర్.: రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వంటి మందులు వాడేవారికి ప్రోత్రాంబిన్ సమయాన్ని తరచుగా కొలుస్తారు. ఈ పరీక్షలో వాడే థ్రాంబోప్లాస్టిన్ ఒక్కొక్క తయారీదారు వద్ద ఒక్కొక్క తీక్షణతతో ఉండేది. ఫలితంగా ఒక ఊరిలో సరిపోయిన మోతాదు మరో ఊరి పరీక్షలో తక్కువగా కనిపించేది. మోతాదు పెంచితే రక్తస్రావం, తగ్గిస్తే గడ్డలు ఏర్పడే ప్రమాదం. 1983లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రతి థ్రాంబోప్లాస్టిన్‌కు ఒక సూక్ష్మత సూచికను కేటాయించే విధానాన్ని ఆమోదించింది. రోగి సమయాన్ని సగటు సాధారణ సమయంతో భాగించి, ఆ నిష్పత్తిని ఈ సూచిక ఘాతానికి హెచ్చిస్తే వచ్చేదే ఐ.ఎన్.ఆర్. దీనితో ఒకే లక్ష్యాన్ని అన్ని దేశాలలోనూ వాడడం సాధ్యమైంది.

హెచ్‌బి ఏ1సి: గత రెండు మూడు నెలల సగటు చక్కెరను సూచించే ఈ పరీక్షను 1997లో అమెరికా నిపుణుల సంఘం మధుమేహ నిర్ధారణకు సిఫారసు చేయలేదు. పద్ధతులు ప్రామాణికం కాకపోవడం అందుకు ఒక ముఖ్య కారణం. 1996లో అమెరికాలో మొదలైన జాతీయ ప్రమాణీకరణ కార్యక్రమం ఫలితంగా తేడాలు తగ్గాయి. 2010లో అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 6.5 శాతాన్ని నిర్ధారణ హద్దుగా స్వీకరించింది.

ఉమ్మడి అవధుల ప్రయత్నాలు

ఎంత తేడా వరకు సహించవచ్చు అన్న ప్రశ్నకు 1988లో నార్డిక్ శాస్త్రవేత్తలు గణితపరమైన సమాధానమిచ్చారు. ఒక ప్రయోగశాల కొలతలో ఒకే దిశలో ఉండే దోషం, ఆ సమూహంలోని సహజ జీవసంబంధ వైవిధ్యంలో నాలుగోవంతుకు మించకపోతే ఉమ్మడి అవధిని వాడవచ్చు. అంత దోషం ఉన్నప్పుడు ఒక హద్దును దాటే ఆరోగ్యవంతులు 2.5 శాతం నుండి 4.4 శాతానికి పెరుగుతారు. రెండో వైపు 1.4 శాతానికి తగ్గుతారు.

ఈ ఆలోచనను ఆచరణలో పెట్టినది నార్డిక్ రిఫరెన్స్ ఇంటర్వల్ ప్రాజెక్టు (నోరిప్). డెన్మార్క్, ఫిన్లాండ్, ఐస్‌లాండ్, నార్వే, స్వీడన్ దేశాలకు చెందిన 102 ప్రయోగశాలలు ఇందులో పాల్గొన్నాయి. సుమారు 3,000 మంది ఆరోగ్యవంతులైన వయోజనుల నుండి నమూనాలు సేకరించి, తరచుగా చేసే 25 జీవరసాయన పరీక్షలకు ఉమ్మడి అవధులను నిర్ణయించి 2004లో ప్రకటించారు. ప్రాజెక్టు తరఫున పంపిన ఘనీభవించిన సీరం మిశ్రమాన్ని ప్రతి ప్రయోగశాల తన నమూనాలతో పాటు కొలవడం ఈ పథకంలోని కీలకాంశం. దాని వలన ఏ తేడా యంత్రానిదో, ఏ తేడా మనుషులదో విడదీయడం వీలైంది. ఈ ప్రాజెక్టు ప్రకారం క్రియాటినిన్ అవధి స్త్రీలకు లీటరుకు 50-90 మైక్రోమోల్‌లు, పురుషులకు 60-100 మైక్రోమోల్‌లు. ఏ.ఎల్.టి. స్త్రీలకు లీటరుకు 10-45 యూనిట్లు, పురుషులకు 10-70 యూనిట్లు.

బ్రిటన్‌లో పాథాలజీ హార్మొనీ అనే కార్యక్రమం వేరొక మార్గాన్ని అనుసరించింది. కొత్తగా నమూనాలు సేకరించక, అప్పటికే ప్రయోగశాలలు వాడుతున్న హద్దులను సేకరించి నిపుణుల ఏకాభిప్రాయంతో ఉమ్మడి అంకెలను ఎంచుకొంది. ఈ రెండు మార్గాల మధ్య తేడా పొటాషియం విషయంలో స్పష్టంగా కనిపిస్తుంది. సీరం పొటాషియంకు నోరిప్ అవధి లీటరుకు 3.6-4.6 మిల్లీమోల్‌లు కాగా, బ్రిటన్ ఏకాభిప్రాయ అవధి 3.5-5.3. మొదటిది జాగ్రత్తగా సేకరించిన నమూనాల ఫలితం. రెండవది దైనందిన వాడుకలో ఉన్న హద్దుల సమన్వయం. మొదటి పద్ధతికి వ్యయం, శ్రమ ఎక్కువ. రెండవది త్వరగా అమలు చేయవచ్చు గాని, పాత హద్దులలోని లోపాలు కొత్త హద్దులలోకి చేరే అవకాశం ఉంది.

జపానులో 2014లో 40 పరీక్షలకు ఉమ్మడి అవధులను ప్రకటించారు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ప్రయోగశాలలు కూడా ఇదే దశాబ్దంలో పలు జీవరసాయన పరీక్షలకు ఉమ్మడి అవధులను ఆమోదించాయి. కెనడాలోని టొరంటో పిల్లల ఆసుపత్రి కేంద్రంగా నడిచే కాలిపర్ అధ్యయనం శిశువుల నుండి కౌమారుల వరకు వయసుల వారీ అవధులను రూపొందించింది.

ఉమ్మడి అవధి తగని సందర్భాలు

గుండెపోటు నిర్ధారణలో వాడే ట్రోపోనిన్-ఐ పరీక్షను పలు సంస్థలు వేర్వేరు ప్రతిదేహాలతో తయారు చేస్తున్నాయి. ఒక్కొక్కటి ఆ ప్రోటీనులోని ఒక్కొక్క భాగాన్ని గుర్తిస్తుంది కనుక అంకెలను పోల్చడం కుదరదు. ఇక్కడ ఆరోగ్యవంతులలో 99వ శతాంశాన్ని హద్దుగా తీసుకుంటారు. ఆ హద్దు ఏ పరీక్షకు ఆ పరీక్షకే ప్రత్యేకం. కొలతలు ఒకటి కాకుండానే నివేదికలపై ఒకే హద్దును ముద్రిస్తే గుండెపోటు వచ్చిన రోగిని ఇంటికి పంపివేసే ప్రమాదం ఉంది.

జనసమూహాల తేడాలకు ఉదాహరణ న్యూట్రోఫిల్ తెల్లరక్తకణాల సంఖ్య. ఆఫ్రికా మూలాలున్న పలువురిలో డఫీ అనే ప్రతిజనకం ఎర్రకణాలపై ఉండదు. వారికి న్యూట్రోఫిళ్లు సహజంగానే తక్కువ. అది రోగం కాదు. అందరికీ ఒకే హద్దును వర్తింపజేస్తే వీరికి అవసరమైన చికిత్స ఆగిపోవచ్చు. ఈ కారణంగా మానసిక వ్యాధులలో వాడే క్లోజపిన్ ఔషధం విషయంలో 2015లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఇటువంటి వారికి వేరుగా తక్కువ హద్దులను నిర్ణయించింది.

నిర్ణయ హద్దులు

నిర్దేశ అవధికి, వైద్య నిర్ణయ హద్దుకు భేదం ఉంది. రక్తంలో మొత్తం కొలెస్టరాల్ డెసిలీటరుకు 200 మిల్లీగ్రాములకు లోపల ఉండాలన్నది ఆరోగ్యవంతులలో 95 శాతం మందిని కొలిచి చెప్పిన హద్దు కాదు. గుండెజబ్బు ప్రమాదాన్ని బట్టి నిపుణులు ఎంచుకున్నది. పరగడుపు గ్లూకోజు 126 మిల్లీగ్రాములు ఉంటే మధుమేహం అన్నది కూడా అటువంటిదే.

నిర్ణయ హద్దులను ప్రయోగశాలలు తమ ఇష్టానుసారం మార్చరాదు. అయినా సంస్థల మధ్య భేదాలున్నాయి. పరగడుపు గ్లూకోజు విషయంలో మధుమేహ పూర్వస్థితికి దిగువ హద్దును అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2003లో 110 నుండి 100కు తగ్గించగా, ప్రపంచ ఆరోగ్య సంస్థ 110నే కొనసాగించింది. కనుక 105 ఉన్న వ్యక్తి ఒక ప్రమాణం ప్రకారం మధుమేహ పూర్వస్థితిలో ఉన్నట్లు, రెండవ ప్రమాణం ప్రకారం లేనట్లు.

భారతదేశంలో

భారతదేశంలో ప్రయోగశాలల నాణ్యతకు ఎన్.ఎ.బి.ఎల్. సంస్థ ఐ.ఎస్.ఓ. 15189 ప్రమాణం ఆధారంగా గుర్తింపు ఇస్తుంది. ప్రయోగశాల తాను వాడే అవధులకు ఆధారాన్ని చూపి, అవి తన రోగులకు తగినవని సమీక్షించుకోవాలని ఈ ప్రమాణం కోరుతుంది. వెల్లూరులోని క్రైస్తవ వైద్య కళాశాల నిర్వహించే బాహ్య నాణ్యతా పరీక్షలో ఒకే నమూనాను అనేక ప్రయోగశాలలకు పంపి ఫలితాలను పోలుస్తారు.

తెలంగాణలో 2018లో ప్రారంభమైన తెలంగాణ డయాగ్నొస్టిక్స్ పథకంలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో సేకరించిన నమూనాలను ఒక కేంద్ర ప్రయోగశాలకు తరలించి పరీక్షిస్తారు. ఇటువంటి ఏర్పాటులో అనేక కేంద్రాల రోగులకు ఒకే పద్ధతి, ఒకే అవధి వర్తిస్తాయి. అయితే రవాణాకు పట్టే సమయం గ్లూకోజు, పొటాషియం వంటి పరీక్షలలో కీలకమవుతుంది.

హద్దు మారితే ఒక దేశపు ఆరోగ్య చిత్రమే మారుతుందనడానికి హీమోగ్లోబిన్ నిదర్శనం. రక్తహీనతకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 1968 నుండి డెసిలీటరుకు పురుషులలో 13 గ్రాములు, గర్భిణులు కాని స్త్రీలలో 12 గ్రాములను హద్దులుగా వాడుతోంది. 2016-18 జాతీయ సమగ్ర పోషకాహార సర్వే నమూనాల ఆధారంగా 2021లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో ఒక అధ్యయనం వెలువడింది. ఆరోగ్యవంతులైన 1-19 సంవత్సరాల భారతీయులలో దిగువ హద్దు ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు కంటే సాధారణంగా 1 నుండి 2 గ్రాములు తక్కువగా ఉందని అది తెలిపింది. ఆ కొత్త హద్దులను వాడితే ఈ వయసువారిలో రక్తహీనత 30 శాతం నుండి 10.8 శాతానికి తగ్గుతుంది. హద్దు ఎక్కువైతే అవసరం లేనివారికి ఇనుము మాత్రలు ఇవ్వడం జరుగుతుంది; తక్కువైతే నిజమైన లోపం కనుమరుగవుతుంది. 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన మార్గదర్శికను సవరించి 6-23 నెలల శిశువులకు హద్దును 10.5 గ్రాములకు తగ్గించింది. పురుషుల, గర్భిణులు కాని స్త్రీల హద్దులను మార్చలేదు. కొలిచే తీరు కూడా ఈ చర్చలో భాగమే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలలో వేలి నుండి తీసిన రక్తబిందువును వాడగా, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చేపట్టిన ఆహార, జీవసూచికల సర్వేలో సిర నుండి తీసిన రక్తాన్ని వాడారు.

పరిమితులు

సమూహం కోసం రూపొందించిన అవధి ఒక వ్యక్తిలో వచ్చే మార్పును పట్టుకోలేకపోవచ్చు. ఒకరి క్రియాటినిన్ ఎల్లప్పుడూ 0.6 మిల్లీగ్రాములుగా ఉండి 1.1కు పెరిగిందనుకొంటే, అది పురుషుల అవధి లోపలే ఉంటుంది. కాని ఆ వ్యక్తి మూత్రపిండాల వడపోత గణనీయంగా తగ్గినట్లే. ఇటువంటి పరీక్షలలో పాత నివేదికతో పోల్చడమే ఎక్కువ ఉపయోగకరం. ఆ పోలిక నమ్మదగినదిగా ఉండాలంటే రెండు నివేదికలూ ఒకే పద్ధతితో వచ్చినవి కావాలి, లేదా రెండు పద్ధతులూ ఒకే ప్రమాణానికి అనుసంధానమై ఉండాలి.

ప్రమాణాల భేదం కూడా గమనించదగినది. భారతదేశంలో గ్లూకోజు, క్రియాటినిన్‌లను డెసిలీటరుకు మిల్లీగ్రాములలో తెలుపుతారు. బ్రిటన్, ఆస్ట్రేలియాలలో లీటరుకు మిల్లీమోల్‌లు, మైక్రోమోల్‌లలో తెలుపుతారు. గ్లూకోజు 126 మిల్లీగ్రాములు 7.0 మిల్లీమోల్‌లకు సమానం. క్రియాటినిన్ 1 మిల్లీగ్రాము 88.4 మైక్రోమోల్‌లకు సమానం. ఆ దేశాలలో స్థిరపడిన తెలుగువారు ఇక్కడి నివేదికలను అక్కడి వైద్యులకు చూపేటప్పుడు ఫలితం, ప్రమాణం, అవధి మూడింటినీ కలిపి చూపడం అవసరం.

ఇవి కూడా చూడండి

రక్తం
హీమోగ్లోబిన్
రక్తహీనత
మధుమేహం
మూత్రపిండము